పెన్నేటి వాలున వాననీటి జమాఖర్చు

మన సహకార సంఘములలో వాయిదా మీరిన అప్పుల పట్టీని శ్రద్ధతో చూచినవారికి ఒక సంగతి విశదము కాకపోదు. విత్తనములకును ఎరువులకును తీసికొనిన అప్పు, ఒక యేడు తప్పినను మరియొక యేడు మంచిపంట రాగానే తీరుచుండును. బోరుబావికై చేసిన అప్పు అట్లు తీరుట అరుదు. మొదటి బోరు ఎండిన పిదప రెండవది, రెండవది చాలక మూడవది. ఈ నడుమ ఇంటి ఆడువారి బంగారము కుదువకు పోవును, పొలము పత్రము వడ్డీవ్యాపారి పెట్టెలో చేరును. మేము పల్లెలలో తిరుగునపుడు ఇట్టివారిని కారణ మడిగినచో "వాన రాల్యా సార్, ఏం జేస్తాం" అను ప్రత్యుత్తరమే వచ్చుచుండును.

ఆ మాట సగము నిజము. తక్కిన సగమును కనుగొనుటకు మన యొద్ద లెక్క లేదు. ఎంత వాన కురిసినది, అందులో వంక వెంట పోయిన దెంత, నేలలో నింకిన దెంత, ఇంకినదానిలోనుండి మనము తోడిన దెంత అను వివరమును చాల గ్రామములలో ఎవరును వ్రాసి యుంచలేదు. సంఘపు చిట్టాలో పది రూపాయల తేడా వచ్చినచో సర్వసభ్య సమావేశమున కార్యదర్శిని నిలువదీయు మనమే, లక్షల ఘనమీటర్ల నీటిని చిట్టా లేకుండ వాడుకొనుచున్నాము. ఈ నెల పాఠమున ఆ చిట్టా వ్రాయు విధమును, అది యిప్పుడే యేల అవసరమైనదో కూడ చెప్పుదుము.

మొదట హద్దు తెలియవలయును. డబ్బుచిట్టాకు సంఘము హద్దు. నీటిచిట్టాకు రెవెన్యూ గ్రామము హద్దు కానేరదు. గుట్టతలపై నిలిచి చూచినచో, ఒకవైపు పడిన చినుకు ఒక వంకలోనికిని, రెండవవైపు పడినది వేరొక వంకలోనికిని పోవుట కనబడును. ఒక వంకకు నీరు చేర్చు నేల యంతయు, అనగా గుట్టలు, బీళ్ళు, మెట్టచేలు, ఊరు, చెరువు, మాగాణి అన్నియు కలిసి, ఒక పరీవాహక ప్రాంతము. సర్కారు పథకముల మూలమున మన పల్లెలలో వాటర్‌షెడ్డు అనిననే అందరికిని తెలియును. 1994లో హనుమంతరావు సంఘము చేసిన సిఫారసుల మీదట వెలువడిన మార్గదర్శకములలో ఒక వాటర్‌షెడ్డు పరిమాణమును సుమారు 500 హెక్టార్లుగా నేర్పరచిరి. మేమును ఈ పాఠమున ఆ పరిమాణమునే తీసికొందుము.

ఇట్టి వాలులు వేలకొలది కలిసి పెన్నేరగుచున్నది. కర్ణాటకములోని చిక్కబళ్ళాపురము జిల్లాలో నందికొండల ప్రాంతమున పుట్టి, హిందూపురము వైపున మన నేల ప్రవేశించి, జయమంగళి, చిత్రావతి, పాపాఘ్ని, కుందేరు, సగిలేరు, చెయ్యేరులను కలుపుకొని, నెల్లూరు దాటి సముద్రమున పడువరకు దీని నడక 597 కిలోమీటర్లు. దీనికి నీరు చేర్చు నేల సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద నేలలో వాన మాత్రము కొద్ది. పాత అనంతపురము జిల్లా సాధారణ వర్షపాతము ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతము. నైరుతి మేఘము పడమటి కనుమలలోనే బరువు దించుకొని మనయొద్దకు తేలికయై వచ్చును. తూర్పు తుఫానుల వాన కోస్తాలో కురిసి, మిగిలినది మనకు చేరును. కావున కరవు మనకు క్రొత్త కాదు. క్రొత్తది వేరొకటి కలదు. దానిని చెప్పుటకు ముందు ఒక పాత శాసనమును గూర్చి చెప్పవలసియున్నది.

కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువును ఎరుగనివారు ఆ ప్రాంతమున లేరు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరు డనియు నతనికి పేరు, ఆ చెరువును కట్టించి 1369వ సంవత్సరమున సంస్కృతమున శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. మాకు ముఖ్యముగ తోచునది ఆ భాగము గాదు. మంచిచెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను ఆ శాసనకర్త వరుసగా చెప్పెను. కట్టలోనుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ తాబేటివీపువలె మెరక యుండుట అనునవి నాలుగు దోషములు. తక్కిన రెండు ఇవి: నీరు కొద్దియై తడుపవలసిన పొలము విస్తారముగ నుండుట ఒకటి, పొలము కొద్దియై నీరు మితిమీరి వచ్చుట మరియొకటి.

ఈ రెండును ఒకదానికొకటి ఎదురుదోషములు. ఆ కాలపు పనివారి దృష్టిలో ఒక చెరువునకు ఒకటి యుండినచో రెండవది యుండదు. చోటును సరిగ నెన్నుకొనినచో రెండును తప్పును. నేడు మన వాలులలో ఒకే చెరువునకు, ఒకే పదియేండ్లలో, ఈ రెండు దోషములును పట్టుచున్నవి. నాలుగేండ్లు మరువను తాకని చెరువు అయిదవయేట ఒక రాత్రిలో కట్ట తెంచుకొనును. క్రొత్తది యనునది ఇదియే.

దీనికి కారణములు రెండు తావుల నున్నవి: ఒకటి ఆకాశమున, రెండవది గుట్టవాలున. ఆకాశపు సంగతి ముందు చూతము. 1901 మొదలు 2018 వరకు మనదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీ పెరిగినట్లు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖవారు 2020లో ప్రకటించిన నివేదికలో కలదు. బొగ్గు, నూనెలు కాల్చుటవలనను అడవులు నరుకుటవలనను గాలిలో చేరిన వాయువులు ఎండవేడిని పట్టియుంచుట దీనికి మూలము. ముక్కాలు డిగ్రీ యనిన లెక్కింప దగనిదిగ తోచును. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటియావిరి నూటికి ఏడుపాళ్ళు పెరుగును. పెద్దగోతాము పట్టుకొనినవాడు నింపుటకు ఎక్కువసేపు తీసికొనును, దించినపుడు ఒక్కసారిగ ఎక్కువ దించును. వానకును వానకును నడుమ ఎడము పెరుగుటయు, కురిసినపుడు కుంభవృష్టియగుటయు ఈ లక్షణమువలననే. మధ్యభారతమున దినమునకు 150 మిల్లీమీటర్లకు మించి కురిసిన సందర్భములు 1950 నుండి 2015 లోపల నూటికి 75 పాళ్ళ ప్రాంతము పెరిగినవని ఆ నివేదికయే చెప్పుచున్నది. ఆ అంకె మధ్యభారతమునకు చెందినది. దాని వెనుకనున్న కారణము మనకును చెందినది.

సేద్యగాని కిది యెట్లు తగులునో చూడుడు. వేరుశనగ ఊడలు దిగు దశలో ముప్పది దినములు చినుకు లేనిచో కాయ పట్టదు. తరువాత చిత్తకార్తెలో కురిసిన వానతో కలిపి ఏటి మొత్తము 550 మిల్లీమీటర్లు నిండవచ్చును. ఆఫీసు కాగితములలో అది మంచి సంవత్సరమే. చేలో కట్టె, కొద్దిపాటి తాలుకాయ తప్ప మరేమియు నుండదు. కావున ఏటిమొత్తమును మాత్రమే చూచి "ఈయేడు వానలు బాగున్నవి" అనుట సేద్యమున చెల్లదు. ఎన్ని దినముల ఎడముతో, ఒక్కొక్కసారి ఎంత అని చూడవలయును.

బావి విషయము మరియొక రీతిది. పది మిల్లీమీటర్ల చిరువాన పైమట్టిని తడిపి పైరునకు రెండుదినముల ప్రాణము పోయును; బావికి చుక్కయైనను చేరదు. బావికి చేరునది పెద్దవాననుండియే. అయితే మన ఎర్రగరుసునేలలకు ఒక గుణము కలదు: బలమైన చినుకుల దెబ్బకు పైపొర అణగి పెళ్ళకట్టి నీటిని లోనికి పోనీయదు. నీరు ఇంకుటకు తీరిక కావలయును. వాలుమీద దానిని కొంతసేపు ఆపువారుండవలయును. ఆపువా రుండినచో పెద్దవాన బావికి జమయగును. లేనిచో ఆ నీరే మన పైమట్టిని మోసికొనిపోయి చెరువులో పూడికగ పోసి, కట్టమీద దెబ్బతీయును.

2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై జరిగినది ఈ సీమలో అందరికిని జ్ఞాపకమే. వాయుగుండపు వానలకు ఎగువనున్న పింఛా జలాశయపు కట్ట తెగి, ఆ ఉధృతిలో అన్నమయ్య జలాశయపు మట్టికట్టయు కొట్టుకొనిపోయెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామములపై నీరు పడి ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పశువులు పోయినవి, అరటితోటలు పోయినవి, మాగాణిపై ఇసుక మేట వేసినది. ఇసుక తీయించుటకు ఎకరమునకు పట్టు ఖర్చు ఎకరపు రెండుపంటల రాబడికి మించునని రైతులు మాతో చెప్పిరి. అట్టి వానకు గుట్టవాలున రాతికట్టలు వేసినంతమాత్రమున ఆ విపత్తు తప్పెడిదని మేము చెప్పము. పెద్దకట్టల గేట్లు, వాటి నిర్వహణ వేరు విషయము. కాని ఏటియేటి ఓమోస్తరు పెద్దవానలు మన చేతిలోనివి, వాటి పెత్తనము గుట్టవాలునదే.

ఆ గుట్టవాలు నేడెట్లున్నది? మాకంటె ఒకతరము ముందువారికి అచ్చట జీడిమామిడియో, సీతాఫలమో, తుమ్మయో, బోదగడ్డియో ఉండుట గుర్తు. క్రింది మెట్టచేలలో కొర్ర, సజ్జ, జొన్నలతో కంది, అనుము, అలసంద కలిపి విత్తెడివారు; ఒకటి కోసినపుడు మరియొకటి నేలను కప్పియుండెడిది. తరువాత వేరుశనగ వచ్చినది. దానిని నిందించుట మా ఉద్దేశము గాదు. చేతికి రొక్కము తెచ్చిన పంట అది. పిల్లల చదువులు దానితోనే నడచినవి. ఈ శతాబ్దారంభమునకు ఒక్క పాత అనంతపురము జిల్లాలోనే అది సుమారు ఎనిమిది లక్షల హెక్టార్లలో విత్తబడుచుండెను. కాని ఆ పంటను పెరికి తీయుదురు. పెరికిన నేల గుల్లయై, మరల జూను మాసపు విత్తనమువరకు ఎండకును గాలికిని వానకును బట్టబయలై యుండును. గుట్టమొదలువరకు దున్నిన చోట పెద్దవాన కురిసినచో వంకలో పారునది ఎర్రని బురదయే. ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని పాతగట్లను చదును చేసిన చేలు, చెరువునకు నీరు తెచ్చు కాలువను దున్ని కలుపుకొనిన చేలు మనకు తెలియనివి గావు. ఎవరివో చెప్పుట ఈ పత్రిక పని గాదు. ఆయా గ్రామములవారికి తెలియును.

పూర్వము దశబంధమను పేరిట, చెరువును బాగుచేయించువానికి భూమినో శిస్తులో భాగమునో విడిచిపెట్టు ఏర్పాటు రాయలసీమలో నుండెను. తూము తెరచి పొలము పొలమునకు నీరు పంచు నీరుగంటి యుండెను. అవి పోయినవని విచారించువారు కలరు. మాకు సగమే విచారము. ఆ ఏర్పాటులో మాగాణి కలవాని మాట చెల్లెడిది. గుట్టమీద గొఱ్ఱెలు మేపువానికి, మెట్టసేద్యగానికి, కూలివానికి చెరువు విషయమున మాట లేదు. నేటి నీటిచిట్టా ఆ పాతతప్పును మరల చేయరాదు. ఏలయన గుట్టవాలున నేడు పట్టాలు పొందియున్నవారు చాలవరకు పేదలు. "మీరు గుట్టను దున్నక గడ్డికి విడువుడు, మేకలను తోలకుడు, నీరింకి మా బోర్లు నిండవలయును" అని దిగువ బోరుదారులు వారిని అడుగుట సులభము. వారికి ప్రతిఫల మేమి? ఈ ప్రశ్నకు సమాధానము లేని వాటర్‌షెడ్డు పనులు పథకపు డబ్బు ఉన్నంతకాలమే నిలుచుటను మేము పలుచోట్ల చూచితిమి. గుట్టపై పెరిగిన గడ్డిమీద, సీతాఫలముమీద, చెరువులోని చేపలమీద, పూడికమట్టిమీద పైవాలువారికి ముందుహక్కు నిచ్చి, ఆ సంగతిని సంఘపు తీర్మానముల పుస్తకమున వ్రాసినచోట మాత్రమే గట్లు తెగక యున్నవి.

మరియొక చిక్కు కూడ కలదు. పైవాలున ప్రతి వంకకును అడ్డుకట్టలు కట్టుచు పోయినచో నీరంతయు మేలే యగునని తలంచుదురు. ఈ శతాబ్దపు తొలియేండ్లలో కళ్యాణదుర్గము, డోను మండలములలో నిపుణులు నీటి తనిఖీ జరిపినపుడు, పైన కట్టిన కట్టలును, విరివిగ తోడిన బోర్లును కలిసి దిగువ చెరువులకు వచ్చు నీటిని తగ్గించినవని తేలెను. పైవాని జమ క్రిందివాని ఖర్చు కావచ్చునన్నమాట. పెన్నేటి ఎగువను కర్ణాటకము వైపున నీలగిరితోటలు ఎక్కువై నేలనీటిని లాగుచున్నవను ఆందోళన సాగి, 2017లో అచ్చటి ప్రభుత్వము క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించెను. ఎగువవారు మనకు చేసినదానిని మనము దిగువవారికి చేయుచున్నామా అని చూచుకొనుటకైనను చిట్టా కావలయును.

ఇక చిట్టా వ్రాయుదము. ఊహకొరకు ఒక వాలును తీసికొందము. అంకెలను మీ వాలునకు తగినట్లు మార్చుకొనవలయును. నేల 500 హెక్టార్లు, అనగా 50 లక్షల చదరపు మీటర్లు. వాన 550 మిల్లీమీటర్లు. కురిసిన నీరు 27,50,000 ఘనమీటర్లు. ఘనమీటరనగా వేయి లీటర్లు. ఇంత నీరు మనదేయని సంతోషింపరాదు. ఇందులో ఎక్కువపాలు నేలతడిగా పైరునకును గడ్డికిని చెట్లకును పోయి ఆవిరియగును. కొంత వంక వెంట దిగువకు పోవును. మావంటి గట్టిరాతి సీమలలో కురిసినదానిలో నూటికి 8 మొదలు 11 పాళ్ళు మాత్రమే భూమి అడుగునకు దిగునని భూగర్భజల శాఖలవారు లెక్కకట్టుదురు. పదిపాళ్ళని వేసికొనినచో జమ 2,75,000 ఘనమీటర్లు.

ఖర్చులో మొదట వ్రాయవలసినది త్రాగునీరు. ఈ వాలున 1500 మంది ఉన్నచో, దినమునకు తలకు 55 లీటర్ల చొప్పున ఏటికి సుమారు 30,000 ఘనమీటర్లు. వేయి పెద్దపశువులకు దినమునకు 40 లీటర్ల చొప్పున సుమారు 15,000. ఈ 45,000 ముట్టరాని సొమ్ము. సేద్యమునకు మిగిలినది 2,30,000.

ఇప్పుడు బోర్లు. 60 బోర్లు, ఒక్కొక్కటి సెకనుకు రెండు లీటర్లు పోయును, దినమునకు ఏడుగంటలు నడచును. ఒక బోరు దినమునకు 50 ఘనమీటర్లకు కొంచెము పైన, 120 దినముల పంటకు 6,048 ఘనమీటర్లు తోడును. అరువది బోర్లకు 3,62,880. జమ 2,30,000, ఖర్చు 3,62,880. ఒక్కపంటకే లోటు 1,32,880 ఘనమీటర్లు. మడిలో పోసినదానిలో కొంత మరల ఇంకును, చెరువునుండియు కొంత చేరును. వాటిని జమవైపున వేరుగ వ్రాయవచ్చును. కాని నీరు ఇప్పటికే లోతునకు దిగిన చోట మరల ఇంకునది స్వల్పము, లోటు పూడదు. ఈ లోటును ఎవరు చెల్లించుచున్నారు? పూర్వపు వానలు నేలలో దాచిన మూలధనము. అదియు అయిపోయినపుడు అరువదియొకటవ బోరు వేయుదురు. ఆ బోరు క్రొత్తనీటిని తేదు. ప్రక్కవాని బోరులోని నీటిని తన గొట్టములోనికి లాగును. ఒకే కుండలో మరియొక గరిటె వేసినంతనే కూర పెరుగదు. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన దోషము, నీరు కొద్ది పొలము విస్తారము, భూమిపైన కాక భూమిలోపల పట్టినదన్నమాట.

ఇంతవరకు చూచి నిరాశ పడవలసిన పనిలేదు. చిట్టాయే త్రోవ కూడ చూపుచున్నది. వరికి హెక్టారునకు 12,000 ఘనమీటర్లు పట్టునని కొనినచో, మిగిలిన 2,30,000 తో 19 హెక్టార్లు పండును. వేరుశనగకు 5,000 చొప్పున అదే నీటితో 46 హెక్టార్లు పండును. రాగి, కొర్రలకు అంతకును తక్కువ చాలును. వాన 350 మిల్లీమీటర్లే కురిసిన యేట జమ 1,75,000; ముట్టరాని సొమ్ము పోగా 1,30,000; వేరుశనగ 26 హెక్టార్లు మాత్రమే. ఈ అంకె అక్టోబరులో, విత్తనము వేయకముందు, రైతుల యెదుట గోడమీద వ్రాసియున్నచో మోసపోవువారు తగ్గుదురు. జనవరిలో పైరు ఎండునపుడు తెలిసి ప్రయోజనము లేదు.

ఇది మా ఊహ మాత్రము గాదు. 2003 మొదలు కొన్నియేండ్లపాటు అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే వానను, బావుల మట్టమును, బోర్లు పోయు నీటిని కొలిచి, రబీకి ముందు కూడి ఇట్టి లెక్క వేసికొనిరి. స్త్రీలును కొలతలు వ్రాసిరి. ఫలానా పంట వేయరాదని ఎవరును శాసింపలేదు, జరిమానా లేదు. అంకెలను చూచి ఎవరికి వారు పంట మార్చుకొనిరి. ఆ పథకమును గూర్చి ప్రపంచబ్యాంకువారు 2010లో ప్రకటించిన నివేదిక ప్రకారము, చాల వాలులలో తోడిక ప్రతియేటనో కొన్నియేండ్లలోనో తగ్గినది, పెరిగినవి కొద్ది. రైతుల ఆదాయము దీనివలన పడిపోలేదు. అప్పటికే 2002 నుండి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము అమలులో నుండి, అనుమతి లేక బోరు వేయరాదని చెప్పుచుండెను. చట్టము చేయలేనిదానిని చిట్టా కొంతవరకు చేసినదనుట మా అభిప్రాయము. అయితే పథకము ముగిసిన పిదప చాలచోట్ల కొలతలు సాగలేదు. కొలుచువానికి నిలుకడగల సంస్థ వెనుక లేకపోవుటయే దీనికి కారణమని మేము తలంచుచున్నాము. సహకార సంఘమునకు కార్యదర్శి కలడు, పుస్తకములు కలవు, ఏటేటి తనిఖీ కలదు, సర్వసభ్య సమావేశము కలదు. నీటిచిట్టాకు ఇంతకంటె తగిన యిల్లు పల్లెలో లేదు.

లోటు తగ్గించు మార్గములలో కొన్నింటిని గూర్చి జాగ్రత్త చెప్పవలసియున్నది. బిందుసేద్యము ఎకరమునకు నీటిని మిగుల్చును, నిజమే. మిగిలిన నీటితో మరి రెండెకరములు తోట వేసినచో చిట్టాలో ఏమియు మిగులదు. సేద్యపుకుంటలో వాననీరు నిలుపుట మేలు. బోరునీటిని తోడి కుంటలో నింపి యెండబెట్టుట మేలు కాదు. మన సీమలో ఏటికి ఆవిరి చేయగల ఎండ కురియు వానకు మూడింతలు. బోరుదారులు తమ గొట్టములను ఒక్కటిగ కలిపి, బోరులేని ప్రక్కపొలమువానికి కూడ ఒకటి రెండు కీలకపు తడులిచ్చి, ప్రతిగా క్రొత్తబోర్లు వేయకుండ కట్టుబడిన పల్లెలు అనంతపురము, మహబూబ్‌నగరు ప్రాంతములలో కలవు. బోరులేనివానికి తడి దొరకినచో వాడు అప్పుచేసి బోరు వేయడు. వాడు వేయనిచో బోరున్నవాని నీరు నిలుచును. ఈ యొప్పందమునే మేము అన్నిటికంటె మెచ్చుకొందుము. మెట్టచేలలో జూను వరకు ఆగక ముందుగనే నవధాన్యములు చల్లి నేలను కప్పియుంచు పద్ధతిని కూడ ఇటీవల కొందరు అనుసరించుచున్నారు. తొలకరి పెద్దవాన దెబ్బ పైమట్టిమీద పడకుండుటకు అది ఉపకరించుట కన్నులతో చూడవచ్చును.

చిట్టా ప్రారంభించుటకు ఖర్చు స్వల్పము. వానకొలత పాత్ర నొకదానిని సంఘపు ఆవరణలో, చెట్టునకును గోడకును వాటి యెత్తునకు రెండింతల దూరమున, నేల చదునుగ నున్నచోట పాతవలయును. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి, వాన లేని దినమున సున్న వ్రాయవలయును. ఖాళీగ విడువరాదు, ఏలయన ఖాళీ యనగా వాన లేదో, కొలువలేదో తరువాత తెలియదు. వాలునకు పైన ఒకటి, నడుమ రెండు, క్రింద రెండు, మొత్తము అయిదు బావులను లేక బోర్లను ఎన్నుకొని పదునైదు దినముల కొకసారి నీటిమట్టము కొలువవలయును. బోరు పోయు నీటిని కొలుచుటకు పరిమాణము తెలిసిన డ్రమ్ము, గడియారము చాలును: 200 లీటర్ల డ్రమ్ము నూరుసెకనులలో నిండినచో సెకనుకు రెండు లీటర్లు. మట్టము కొలుచునపుడు మోటారు నడుచుచుండరాదు. ఆపిన వెంటనే కొలిచినను తప్పే, నీరు తన మట్టమునకు తిరిగి వచ్చుటకు కొన్నిగంటలు పట్టును. రాత్రి కరెంటు లేని బోర్లను తెల్లవారగట్ల కొలుచుట మేలు. మోటారు ఆపిన గంట, కొలిచిన గంట, మట్టము, కొలిచినవాని సంతకము ఈ నాలుగును ఒకే వరుసలో వ్రాయవలయును. గుట్టవాలు రైతులలో ఒకరును, గొఱ్ఱెలకాపరులలో ఒకరును నెలకొకసారి ఆ పుటను చూచి వ్రేలిముద్రయో సంతకమో చేయవలెనని తీర్మానము చేసికొనుడు. అక్టోబరు సమావేశమున గోడమీద అంకె వ్రాయునపుడు వారును అచ్చట నుండవలయును.